పండగ రోజే మాజీ సైనికుల దినం: ఎక్కడ, ఏ పనిలో ఉన్నారో రాయండి

పెన్నా తీరం (నిర్వాహకుడు), నెల్లూరు

సభ్యులందరికీ నమస్కారం. తరువాతి కాలంలో ఫీల్డ్ మార్షల్ అయిన కె.ఎం. కరియప్ప 1953 జనవరి 14న సైన్యం నుంచి పదవీ విరమణ చేశారు కనుక ఆ తేదీని మన దేశంలో మాజీ సైనికుల దినంగా జరుపుతున్నారు. మరునాడు సైనిక దినం. 1949 జనవరి 15న ఆయన బ్రిటిష్ సేనాని చేతి నుంచి భారత సైన్యం పగ్గాలు అందుకున్నారు. తెలుగునాట ఈ రెండు రోజులూ భోగి మంటల్లోనో, సంక్రాంతి గొబ్బెమ్మల్లోనో, కోడిపందేల్లోనో కలిసిపోతాయి. వీధిలో మిలటరీలో పనిచేసి వచ్చినాయన ఉన్నా ఆ రోజు వెళ్లి పలకరించాలన్న ఆలోచన ఎవరికీ రాదు. ఆయన కూడా అల్లుడు బండి దిగాడా, అరిసెలు కుదిరాయా అన్న హడావుడిలోనే ఉంటారు.

అందుకని ఈ చర్చను పండగకు ముందే మొదలుపెడుతున్నాను. సైన్యం, నౌకాదళం, వైమానిక దళం, ఎందులో పనిచేసినవారైనా సరే, ఏ విభాగంలో చేరారో, ఏయే చోట్ల ఉన్నారో, అక్కడ రోజూ మీ చేతుల మీదుగా జరిగిన పని ఏమిటో రాయండి. "దేశానికి సేవ చేశాను" అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే మాకు ఏమీ తెలియదు. కుటుంబ సభ్యులు కూడా రాయవచ్చు. ప్రస్తుతం సరిహద్దులో ఉన్న దళాల వివరాలు, పార్టీల రాజకీయాలు మాత్రం ఇక్కడ వద్దు.

తంబి సాపర్, అనంతపురం

జైహింద్. నేను మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలో దారులు, వంతెనలు, మందుపాతరల పని చూసే ఇంజనీర్ దళంలో, సాపర్‌గా చేరి సుబేదార్‌గా బయటికి వచ్చాను. మా సెంటర్ బెంగళూరులో అలసూరు చెరువు దగ్గర ఉంది. సైన్యంలో మమ్మల్ని అందరూ "తంబి" అనే పిలుస్తారు. తమిళుడైనా, తెలుగువాడైనా, కన్నడిగుడైనా, మలయాళీ అయినా అక్కడ చేరిన ప్రతివాడూ తంబే.

1971 డిసెంబరులో మా 9 ఇంజనీర్ రెజిమెంటు 54వ పదాతి డివిజన్‌తో కలిసి పాకిస్తాన్ వైపు ఉన్న శకర్‌గఢ్ ప్రాంతంలో పనిచేసింది. ఆ డివిజన్ స్థావరం మన సికింద్రాబాదే. యుద్ధ కథల్లో ఎప్పుడూ ట్యాంకులు ముందుకు వెళ్లాయని రాస్తారు గాని, ట్యాంకు వెళ్లడానికి ముందు ఆ నేల మీద మనిషి మోకాళ్ల మీద పాకి వెళ్లి ఉంటాడని ఎవరూ రాయరు. డిసెంబరు 15 రాత్రి పదాతి దళాలు బసంతర్ నది దాటి అవతలి గట్టున నిలదొక్కుకున్నాయి. వాళ్ల వెనకాల పూనా హార్స్ ట్యాంకులు వెళ్లాలంటే మందుపాతరల మధ్య దారి తెరవాలి, దానికి రెండువైపులా తెల్లని పట్టీ పరచాలి. మేము సగం దారి తెరిచేసరికే శత్రు ట్యాంకుల అలికిడి వినిపిస్తోందని ముందు నుంచి కబురు వచ్చింది. ఇక ఆగేది లేదని పూనా హార్స్ వాళ్లు అలాగే కదిలారు. మరునాడు అక్కడ జరిగిన ట్యాంకుల పోరులోనే సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ అమరుడై పరమవీర చక్ర పొందారు. మా రెజిమెంటు మేజర్ విజయ్ రతన్ చౌదరి గారు ముందుండి మందుపాతరలు తీయిస్తూ శత్రువు ఫిరంగి కాల్పుల్లో ప్రాణాలు విడిచారు. ఆయనకు మహావీర చక్ర వచ్చింది. మొదటి పేరు చాలామందికి తెలుసు, రెండో పేరు తెలిసినవారు తక్కువ. నేను ఇక్కడ రాయడానికి ముఖ్య కారణం అదే.

కొండాపూర్ కుర్రాడు, హైదరాబాద్

సుబేదార్ గారికి నమస్కారాలు, హృదయపూర్వక ధన్యవాదాలు. మేజర్ చౌదరి గారి పేరు నేను ఈ రోజే మొదటిసారి విన్నాను. తప్పుగా అనుకోకపోతే ఒక సందేహం. చీకట్లో, పైన గుళ్లు పడుతుండగా, నేలలో మందుపాతర ఎక్కడ ఉందో మీకు ఎలా తెలిసేది? యంత్రం ఉండేదా?

తంబి సాపర్, అనంతపురం

తప్పేముంది బాబూ, నన్ను ఈ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ. యంత్రం ఉండేది. చెవులకు తగిలించుకుంటే లోహం ఉన్నచోట మోత వినిపిస్తుంది. అయితే నేల నిండా తూటాల ముక్కలు, గుండ్ల పెంకులు పడి ఉన్నచోట అది అడుగడుగునా మోగుతూనే ఉంటుంది. లోహం తక్కువగా ఉన్న మందుపాతర దగ్గర అసలు మోగకపోనూ వచ్చు. చివరికి నమ్ముకోవలసింది చేతినే. సన్నని ఇనుప చువ్వనో, బాయినెట్టునో నేలలోకి నిలువుగా కాకుండా ఏటవాలుగా, మెల్లగా గుచ్చాలి. నిలువుగా గుచ్చితే మందుపాతర నెత్తి మీద నొక్కినట్టవుతుంది, ఏటవాలుగా గుచ్చితే దాని పక్కకు తగులుతుంది. రాయి తగిలినప్పుడు చేతికి తెలిసే తీరు వేరు, డబ్బా తగిలినప్పుడు తెలిసే తీరు వేరు. తగిలిన తరువాత చుట్టూ మట్టిని వేళ్లతో తీయాలి. ట్యాంకు కోసం పెట్టిన పెద్ద మందుపాతర మనిషి బరువుకు సాధారణంగా పేలదు. కానీ దాన్ని తీయడానికి వచ్చే మాలాంటివాళ్ల కోసం చుట్టుపక్కల చిన్నవి పాతి ఉంచుతారు.

యుద్ధం ఆగిన తరువాత మేము పాతినవాటిని మేమే తీయవలసి వచ్చినప్పుడు నాకు ఇంకా ఎక్కువ భయం వేసింది. కాగితం మీద గీసిన పటం ప్రకారం అన్నీ వరసలో ఉండాలి. వాగులు పొంగితే, ఇసుక జారితే అవి ఉన్నచోట ఉండవు. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి జరిగిన తరువాత సరిహద్దు పొడవునా పాతినవాటిని తీసేటప్పుడు మా తరువాతి తరం తంబీలు కాళ్లు, చేతులు పోగొట్టుకున్నారు. అది యుద్ధం కాదు కనుక యుద్ధ కథల్లో రాదు. పుణెలోని కృత్రిమ అవయవ కేంద్రానికి వెళితే వాళ్లు కనిపిస్తారు.

నీటి అడుగు, విశాఖపట్నం

సుబేదార్ సాబ్‌కు జైహింద్. నేను నౌకాదళంలో పనిచేశాను, అందులోనూ జలాంతర్గాముల్లో. రష్యావాళ్లు కట్టిన ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామిలో ఇంజన్ గది నా పని. ఆ తరగతిలో ఎక్కి చూడగలిగినది ఇప్పుడు మన ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరిలో విరమించి, 2002లో ప్రదర్శనశాల అయింది. దాని పొడవు 91 మీటర్లు, లోపల ఉండేది సుమారు 75 మంది. టికెట్టు కొని ఒక చివర ఎక్కి రెండో చివర దిగే సందర్శకులు పది నిమిషాల్లో బయటపడి, అబ్బో ఎంత ఇరుకో అంటూ కొబ్బరి బొండాల బండి దగ్గరకు వెళ్లిపోతారు.

ఇరుకు ఒక్కటే అయితే అలవాటైపోతుంది. అలవాటు కానిది వాసన. డీజిలు, చెమట, వంట, బ్యాటరీలు అన్నీ కలిసిన గాలినే పీల్చాలి. మంచినీళ్లు కొలిచి ఇస్తారు కనుక పెట్రోలింగ్‌లో ఉన్నన్నాళ్లూ స్నానమన్న మాట మరిచిపోవాలి. పడక కూడా సొంతం కాదు. ఒకడు డ్యూటీకి లేస్తే అదే వెచ్చని పరుపు మీద ఇంకొకడు పడుకుంటాడు. లోపల ఏడు విభాగాలు, వాటి మధ్య గుండ్రని ఇనుప తలుపులు. ఏదైనా విభాగంలోకి నీళ్లు వస్తే ఆ తలుపు మూసేయాలన్నది మొదటి రోజు నేర్పే పాఠం. తలుపుకు అవతల ఎవరున్నారో చూడకుండానే మూయాలి. ఆ మాట మా ఇంట్లో నేను ఎప్పుడూ చెప్పలేదు. రేవుకు వచ్చి ఇంటికి వెళితే మా ఆవిడ నా సంచిని గుమ్మం లోపలికి రానిచ్చేది కాదు, బట్టలన్నీ పెరట్లోనే వేడినీళ్లలో వేయించేది.

కుర్సురాలో సందర్శకులకు వివరాలు చెప్పేవాళ్లు కూడా నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లే. ఎవరైనా వెళితే హడావుడిగా దిగిపోకుండా వాళ్లను ఒక్క ప్రశ్న అడగండి. ఏదైనా ఫరవాలేదు.

ఆయిల్ చేతులు, సికింద్రాబాద్

ఇక్కడ రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. నేను ఈఎంఈలో, అంటే సైన్యం వాహనాలు, ఆయుధాలు బాగుచేసే విభాగంలో, వాహనాల మెకానిక్‌ని. సికింద్రాబాద్‌లోని 1 ఈఎంఈ సెంటర్‌లో శిక్షణ పొంది, ఎక్కువ కాలం వర్క్‌షాపుల్లోనే గడిపాను. ఫైరింగ్ రేంజిలో తప్ప తుపాకీ పేల్చలేదు. మనవడి బడిలో ఒకసారి వేదిక మీదికి పిలిచి శాలువా కప్పి "శత్రువులతో పోరాడిన వీరుడు" అని పరిచయం చేసినప్పుడు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఎదురుగా వంద మంది పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. మైకు పట్టుకుని "కాదు బాబూ, నేను శక్తిమాన్ లారీలు బాగుచేశాను" అంటే కార్యక్రమం పాడవుతుందని నోరు మూసుకున్నాను.

అయినా అడిగారు కనుక ఆ లారీల సంగతే చెబుతాను. లద్దాఖ్‌లో శీతాకాలపు తెల్లవారుజామున డీజిలు పేరుకుని పైపుల్లో కదలదు, బ్యాటరీలో చేవ ఉండదు. అందుకని రాత్రి పూట వంతులు వేసుకుని గంటకోసారి లేచి ఇంజన్లు తిప్పేవాళ్లం. చేతి తొడుగుతో చిన్న నట్టు పట్టు దొరకదు. తొడుగు తీసి ఉత్త వేళ్లతో ఇనుమును ముట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. నా కుడిచేతి రెండు వేళ్ల కొసలకు ఇప్పటికీ వేడీ చల్లనీ సరిగా తెలియవు. జోజిలా కనుమ మంచుతో మూసుకుపోయేలోగా లేహ్ వైపు ఉన్న దళాలకు శీతాకాలానికంతా సరిపడే బియ్యం, పప్పు, కిరోసిన్, మందులు, తూటాలు చేర్చాలి. ఒక్క లారీ ఆ మలుపుల్లో ఆగిందంటే వెనక బారు మొత్తం ఆగిపోతుంది. నేను చేసిన యుద్ధం అంతే. దీనికి ధన్యవాదాలు చెప్పించుకోవచ్చా అన్నది మీరే తేల్చండి.

సూటి మాట, విజయవాడ

మెకానిక్ గారూ, మీకు నిస్సంకోచంగా చెప్పవచ్చు. నా అభ్యంతరం వేరే ఉంది. ఎదురుపడిన సైనికుడికల్లా "మీ సేవకు ధన్యవాదాలు" అని చెప్పడం అమెరికాలో అలవాటు. మన ఊళ్లలో ఏనాడూ లేదు. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించి, ఏడాదికి ఒక రోజు శాలువాలు కప్పి, మిగతా రోజుల్లో వాళ్లను గాలికి వదిలేయడం నాకు నచ్చదు. మా బాబాయి ముప్పై ఎనిమిదేళ్ల వయసుకే పింఛనుతో ఇంటికి వచ్చాడు. ఇద్దరు పిల్లల చదువుకు ఆ డబ్బు చాలక ఒక ఏటీఎం దగ్గర కాపలా ఉద్యోగంలో చేరాడు. మాజీ సైనికులకు ఇవ్వవలసిన భూమి కోసం ఒక కార్యాలయం చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరగదీసుకున్నాడు. ఒక హోదా, ఒకే పింఛను నిర్ణయం (ఒకే హోదాలో, ఒకే సర్వీసుతో బయటికి వచ్చినవారికి, ఎప్పుడు వచ్చినా ఒకే పింఛను) 2014 జులై 1 నుంచి వర్తించేలా వచ్చినప్పుడు మాత్రం ఆ ఇంట్లో కాస్త వెలుగు కనిపించింది. ధన్యవాదాల కంటే ఆయన ఫైలు ముందుకు కదిలి ఉంటే బాగుండేది.

పలాలీ 87, కర్నూలు

సూటి మాట గారూ, ఫైలు గురించి మీరన్నది అక్షరాలా నిజం, నా దగ్గర కూడా అలాంటి కథలు ఉన్నాయి. అయితే ధన్యవాదాలు అక్కర్లేదన్న మాట దగ్గర నేను ఆగాను. ఎందుకో చెబుతాను.

సికింద్రాబాద్ స్థావరంగా ఉన్న 54వ డివిజన్ పదాతి పటాలంలో నేను నాయక్ హోదాలో ఉన్నాను. 1987 జులై 29న శ్రీలంకతో ఒప్పందం కుదిరింది, మరునాటికే మా డివిజన్ తొలి దళాలు జాఫ్నా దగ్గర పలాలీ విమానాశ్రయంలో దిగాయి. శాంతి కాపాడటానికి వెళుతున్నామని చెప్పారు. మొదట్లో జనం దండలు వేసి, కొబ్బరి నీళ్లు ఇచ్చారు. నాకు కాస్త తమిళం వచ్చు కనుక ఇళ్ల ముందు నిలబడి ముసలివాళ్లతో మాట్లాడేవాడిని. అక్టోబరు వచ్చేసరికి అదే వీధుల్లో తమిళ పులులు (ఎల్‌టీటీఈ) మా మీద కాల్పులు మొదలుపెట్టారు. 11వ తేదీ రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయ ఆవరణలో హెలికాప్టర్ల నుంచి దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫంట్రీ ప్లాటూన్‌లో ప్రాణాలతో మిగిలింది ఒక్కడు, అతనూ బందీ అయ్యాడు. 1990 మార్చి 24న చివరి దళం వెనక్కి వచ్చేనాటికి మన సైనికులు సుమారు 1,200 మంది అక్కడ ప్రాణాలు వదిలారు. అక్కడి సామాన్య జనం పడిన బాధలు కూడా కళ్లారా చూశాను; వాళ్లలో కొందరికి ఆ బాధ మా వల్లే కలిగింది. అందుకే ఆ యుద్ధం గురించి గొప్పగా చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

కానీ తిరిగి వచ్చినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. రైల్లో ఎదురుగా కూర్చున్నాయన ఎక్కడి నుంచి వస్తున్నారని అడిగితే శ్రీలంక అన్నాను, అక్కడ చీరలు చవకా అని అడిగాడు. 2019 ఫిబ్రవరి 25న ఢిల్లీలో జాతీయ యుద్ధ స్మారకం ప్రారంభమైన తరువాత నేను వెళ్లి త్యాగ చక్రంలోని రాతి పలకల మీద మా పటాలం కుర్రవాళ్ల పేర్లు వెతికాను. పక్కన కాలేజీ పిల్ల ఒకతి నిలబడి, ఎవరి కోసం వెతుకుతున్నారని అడిగి, తను కూడా వెతికి, కనబడిన పేరును పైకి చదివింది. ఇది అమెరికా అలవాటో మన అలవాటో నాకు తెలియదు గాని, నాకు మాత్రం అది కావలసి వచ్చింది.

సూటి మాట, విజయవాడ

అర్థమైంది నాయక్ గారూ. మీకూ, మీతో వెళ్లి తిరిగి రానివారికీ నా నమస్కారం. ఫైలు సంగతిలో మాత్రం నా మాట మార్చుకోను.

సిస్టర్ తెనాలి

నేను మిలటరీ నర్సింగ్ సర్వీస్‌లో పనిచేసి లెఫ్టినెంట్ కల్నల్‌గా పదవీ విరమణ పొందాను. ఈ సర్వీస్ 1926 నుంచి ఉన్నా, మాజీ సైనికులనగానే మగవాళ్లే గుర్తుకు వస్తారు. బ్యాంకులో పింఛను పనిమీద వెళితే, మీవారు ఏ రెజిమెంటులో చేశారమ్మా అని నన్ను ఇప్పటికీ అడుగుతుంటారు. మావారు బడిపంతులు.

1999 కార్గిల్ యుద్ధ సమయంలో నేను శ్రీనగర్‌లోని 92 బేస్ హాస్పిటల్‌లో ఉన్నాను. ద్రాస్, బటాలిక్ వైపు నుంచి గాయపడినవారు హెలికాప్టర్లలో వచ్చేవారు. ఎక్కువగా గుండ్ల పెంకులు తగిలిన గాయాలు, వాటిలో రాతి ముక్కలు కూడా ఉండేవి. కొండ మీద గుండు పడితే రాయి కూడా పేలుతుంది. గడ్డాలు పెరిగి, రోజుల తరబడి బూట్లు విప్పని కాళ్లతో వచ్చేవారు. బూటు తాడు విప్పే వీలుండక కత్తిరించి తీసేవాళ్లం.

ఒక విషయం మాత్రం తెలుగువాళ్లతోనే చెప్పుకోగలను. ఆపరేషన్ తరువాత మత్తు దిగుతున్నప్పుడు మనిషి హిందీ మాట్లాడడు, అమ్మ దగ్గర నేర్చుకున్న భాషలోనే మాట్లాడతాడు. ఏ వార్డులోనైనా ఎవరికీ అర్థంకాని భాష వినబడితే, మద్రాసీ మాట అయి ఉంటుందని నన్ను పిలిచేవారు. వెళితే కొన్నిసార్లు తమిళం, కొన్నిసార్లు కన్నడం. ఒక రాత్రి మాత్రం శ్రీకాకుళం యాస. ఆ అబ్బాయి ఎద్దును అదిలిస్తున్నాడు. "ఇటు తిరగెహె, సాలు తప్పిపోనాది" అంటున్నాడు. నేను పక్కన కూర్చుని, సాలు బాగానే ఉందిరా, పడుకో అన్నాను. తెల్లారి అతనికి ఏమీ గుర్తులేదు. మేడమ్, నాలుగు రోజుల్లో నా పల్టన్‌కి పంపించేస్తారా అని శుద్ధమైన హిందీలో అడిగాడు.

మెకానిక్ గారూ, వేదిక మీద మీకు కలిగిన ఇబ్బంది నాకు తెలుసు. ఆ హెలికాప్టర్ ఎగిరిందంటే కింద ఎవరో దాని నట్లు బిగించారు. మీకు నా ధన్యవాదాలు, ఇది మాత్రం కాదనవద్దు.

మాధవరం మనవడు, తాడేపల్లిగూడెం

అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరిలోని మాధవరం, జనం మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి మా ఊరి నుంచి 90 మంది, రెండో దానికి 1,110 మంది వెళ్లారు. ఊళ్లో వాళ్ల స్మారక స్తంభం ఉంది. మా దగ్గర మాత్రం పరిస్థితి మీరు చెప్పినదానికి తలకిందులుగా ఉంటుంది. ప్రతి ఇంట్లోనూ ఒక మిలటరీ ఆయన ఉన్నప్పుడు ఎవరు ఎవరికి ధన్యవాదాలు చెబుతారు? అరుగు మీద కూర్చుని హోదాల ప్రకారం ఒకరినొకరు వెక్కిరించుకోవడమే.

మా ముత్తాత బర్మా యుద్ధానికి వెళ్లి తిరిగి రాలేదు. ఫోటో కూడా లేదు. ఇలాంటి కుటుంబాలకు పనికొచ్చే సంగతి ఒకటి చెబుతాను. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన భారతీయ సైనికుల వివరాలు ఉన్నాయి. సమాధి లేనివారి పేర్లు యుద్ధరంగాన్ని బట్టి రంగూన్, సింగపూర్ వంటి చోట్ల స్మారకాల మీద ఉంటాయి. తెలుగు పేర్లను అప్పటి గుమస్తాలు తోచినట్టు రాశారు కనుక ఒకే స్పెల్లింగుతో ఆగిపోకుండా, రెజిమెంటు పేరుతోనూ వెతకండి. చాలా పేర్ల కింద తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. మా ముత్తాత పేరును మొదట నేను గుర్తుపట్టలేదు, దాని కింద ఆయన తండ్రి పేరు, ఊరి పేరు చూసి మా నానమ్మ గుర్తుపట్టింది.

ట్రంకు పెట్టె, ఒంగోలు

పెద్దలందరికీ నమస్కారాలు. మా నాన్నగారు ఏఎస్‌సీలో, అంటే సైన్యానికి సరుకులు, రవాణా చూసే విభాగంలో, లారీ డ్రైవరుగా పనిచేశారు. నా చిన్నతనంలోనే పోయారు. అమ్మ కూడా పోయిన తరువాత నల్లటి ట్రంకు పెట్టె నా వంతుకు వచ్చింది. అందులో ఉన్ని కోటు, కొన్ని ఫోటోలు, నక్షత్రం ఆకారంలో ఒకటి, గుండ్రంగా కొన్ని పతకాలు ఉన్నాయి. డిస్చార్జి బుక్కు చెదలు తినేసింది. ఆయన ఎక్కడ పనిచేశారో అమ్మ చెప్పేది కాదు, మంచు చోటు అనేది, అంతే. ఆ పతకాలను బట్టి ఏమైనా తెలుసుకోవచ్చా? నేను ఇప్పటిదాకా ఎవరినీ అడగలేదు, అడగవలసిన చోటు ఏదో తెలియలేదు.

తంబి సాపర్, అనంతపురం

తెలుసుకోవచ్చు తల్లీ. ముందుగా వాటిని చింతపండుతోనో పౌడరుతోనో తోమవద్దు. ఒక్కొక్క పతకాన్నీ నిలువుగా పట్టుకుని అంచు చూడు. మన పతకాల అంచు మీద నంబరు, హోదా, పేరు, విభాగం చెక్కి ఉంటాయి. నక్షత్రం 1971 యుద్ధానిది అయితే, పశ్చిమాన ఉన్నవారికి పశ్చిమీ స్టార్, తూర్పున ఉన్నవారికి పూర్వీ స్టార్ ఇచ్చారు. గుండ్రంవాటిలో ఒకటి స్వాతంత్ర్యం వచ్చి 25 ఏళ్లయిన సందర్భంగా 1972లో సర్వీసులో ఉన్నవారికి ఇచ్చినది అయి ఉండవచ్చు. సైన్య సేవా పతకం ఉంటే దాని రిబ్బను మీద చిన్న లోహపు పట్టీ ఉంటుంది, దాని మీద హిమాలయ అనో, జమ్మూ కశ్మీర్ అనో ప్రాంతం పేరు ఉంటుంది. మీ అమ్మగారు చెప్పిన మంచు చోటు ఆ పట్టీ మీద దొరకవచ్చు.

పెన్నా తీరం (నిర్వాహకుడు), నెల్లూరు

అంచు మీది నంబరు దొరికితే తరువాతి దారి సులువే. సైన్యంలో ప్రతి విభాగానికీ వేరే రికార్డు ఆఫీసు ఉంటుంది. సాపర్లకూ, ఏఎస్‌సీ దక్షిణ విభాగానికీ బెంగళూరు, మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, ఈఎంఈకి సికింద్రాబాద్, ఫిరంగి దళానికి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్. నౌకాదళ నావికుల రికార్డులు ముంబైలో ఉంటాయి. నంబరు, పేరు, మీ బంధుత్వానికి ఆధారం జతచేసి రాయండి. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే ఇంకా మంచిది. చేరిన తేదీ, యూనిట్లు, పతకాలు అన్నీ ఆ రికార్డులోనే ఉంటాయి.

ట్రంకు పెట్టె, ఒంగోలు

భూతద్దం పెట్టి చూశాను. అంచు మీద నంబరు, తరువాత నాన్న పేరు, ఏఎస్‌సీ అన్న అక్షరాలు ఉన్నాయి. పేరు తప్పుగా చెక్కారు గాని నాన్నదే. నక్షత్రం పశ్చిమీ స్టార్. పట్టీ మీద హిమాలయ అని ఉంది. ఫోటోల్లో ఒకదాంట్లో ఆయన లారీ బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నారు, చక్రాలకు గొలుసులు చుట్టి ఉన్నాయి, వెనక అంతా తెల్లగా ఉంది. మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

ఆయిల్ చేతులు, సికింద్రాబాద్

అమ్మా, చక్రాలకు గొలుసులంటే మంచు దారి మీద నడుపుతున్నారన్నమాట. ఆయన నాకంటే ముందు తరం, కానీ ఆ కాలంలో శ్రీనగర్–లేహ్ దారిలో వర్క్‌షాపుల్లో పనిచేసిన మా సీనియర్లు ఇద్దరు ఇక్కడే తిరుమలగిరిలో ఉన్నారు. ఆదివారం నడకలో కలుస్తాం. ఆ ఫోటో ఇక్కడ పెట్టండి. లారీ నంబరు ప్లేటు మీద పైకి చూపే బాణం గుర్తు, దాని పక్కన రెండు అంకెలు ఉంటాయి. అవి ఆ లారీ సైన్యంలోకి వచ్చిన సంవత్సరం. వెనక కొండ అంచు కనబడినా చాలు, ద్రాసో జోజిలానో వాళ్లు చెప్పగలరు. ఫోటో అద్దానికి అంటుకుని ఉంటే ఊడదీయవద్దు, అలాగే పగటి వెలుతురులో తీసి పంపండి.